డెబ్బయ్యో ఏటి పోతు

నాకు డెబ్బై నిండబోతున్నాయని మా వేట సంఘం వాళ్ళకి నాకంటే ముందే గుర్తొచ్చింది. ఫిబ్రవరి సమావేశంలో అధ్యక్షుడు లోయ్‌జె లేచి, గొంతు సవరించుకుని, "మన ఫ్లోరియాన్‌కి ఈ ఏడు పై గుట్టల్లో ఒక పోతు" అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. మాకది ఆనవాయితీ. డెబ్బయ్యో ఏడు వచ్చిన సభ్యుడికి సంఘం ఒక కొండమేకపోతుని బహుమానంగా ఇస్తుంది. ఇస్తుందంటే పళ్ళెంలో పెట్టి కాదు. ఆ ఏడాది ఆఖరు లోపల వెళ్ళి మనమే తుపాకీతో కొట్టాలి. కొట్టలేకపోతే పోతు కొండ మీదే ఉంటుంది, మనం ఇంట్లో ఉంటాం.

మా ట్రెంటా లోయలో పై గుట్టలంటే గుమ్మంలో నిలబడి తలెత్తి చూస్తే టోపీ వెనక్కి పడిపోయేంత ఎత్తు. నాలుగు గంటల ఎక్కుడు. చివరి గంట చేతులు కూడా వాడాలి. నేను ముప్పై ఏడేళ్ళు లోయ బస్సు నడిపినవాణ్ణి. కూర్చుని కూర్చుని పొట్ట స్టీరింగుకి ఆనేది. రిటైరయ్యాక ఆనడానికి స్టీరింగు కూడా లేకుండా పోయింది.

"ఎక్కేదాకా ఎక్కుతావు సరే, దిగేది నువ్వా, నిన్ను మోసుకొచ్చే నలుగురా?" అంది నా భార్య రెజ్కా.

"నలుగురు చాలరు, ఆరుగురిని మాట్లాడి పెట్టు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

పై గుట్టలకి ఎవరినీ ఒంటరిగా పంపరు. తోడు ఒకరుంటారు. తోడు వచ్చినవాళ్ళు జంతువుని చూసి, ఇదే అని తేల్చుకుని, "కొట్టు" అనాలి. అప్పుడే కొట్టాలి. తప్పు జరిగితే కొట్టినవాడూ, కొట్టమన్నవాళ్ళూ ఇద్దరూ సంఘానికి జవాబు చెప్పుకోవాలి. మా ముసలాళ్ళలో తోడు రాగలిగే కాళ్ళు ఎవరికీ లేవు. కుర్రాళ్ళంతా సెలవుల్లేవన్నారు. చివరికి లోయ్‌జె నెజ్కా పేరు రాశాడు.

నెజ్కా అంటే, చచ్చిపోయిన నా స్నేహితుడు లుడ్విక్ కూతురు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. పసుపుపచ్చ తపాలా బండిలో లోయంతా తిరిగి ఉత్తరాలు పంచుతుంది. పిల్ల పుట్టినప్పుడు నా చేతుల్లో పెట్టారు, ఆ చనువుతో బాబాయ్ అంటుంది. మా సంఘంలో చేరిన మొదటి ఆడది. చేర్చుకోవాలా వద్దా అని అడిగినప్పుడు మేం చేతులెత్తం, మట్టికుండలో గింజలు వేస్తాం. తెల్ల చిక్కుడు గింజ అయితే సరే, నల్లదైతే వద్దు. ఆ రోజు కుండలో పదకొండు నల్లవి పడ్డాయి, అందులో ఒకటి నాది. పద్నాలుగు తెల్లవి పడ్డాయి కాబట్టి గట్టెక్కింది. నల్లగింజ ఎందుకు వేశానంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. నా పక్కవాడు వేశాడు, నేనూ వేశాను. అప్పట్నుంచీ ఆ పదకొండు మందీ ఈ పిల్ల ఎప్పుడు కాలు జారుతుందా అని కాచుక్కూర్చున్నారు.

మార్చిలో మంచు కరగ్గానే నెజ్కా మా పెరట్లోకి వచ్చింది. చేతిలో ఉత్తరాలు లేవు, ఒక నల్ల వాచీ ఉంది.

"ఇది కట్టుకో బాబాయ్. గుండె ఎంత కొట్టుకుంటోందో చూపిస్తుంది. నూట ముప్పై దాటితే నిలబడిపో. దాటలేదని నాకు అబద్ధం చెప్పకు, అది నాకు కూడా చెప్పేస్తుంది."

"నీకెందుకు చెప్తుంది?"

"నీకంటే దానికి నీతి ఎక్కువ."

అలా మొదలయ్యాయి నా పాట్లు. గడ్డి మోసే వీపు గంపలో మొదటి వారం ఎనిమిది కిలోల రాళ్ళు. రెండు వారాలకోసారి ఒక్కో రాయి. చర్చి వెనక కొండదారిలో పైకీ కిందకీ. ఎక్కడం తేలికే అనేది నెజ్కా, మనుషులు దిగేటప్పుడు విరుగుతారు. అందుకని ప్రతి మెట్టూ మూడు లెక్కపెట్టి దిగాలి, తొందరపడకూడదు, మోకాలు వణికితే వణకనివ్వాలి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి. బీరు శనివారం ఒక్కటే. రెజ్కా బంగాళాదుంపా చీజూ కలిపి పెనం నిండా ఫ్రికా వేయించి తను తింటూ ఉంటే, నేను ఎదురుగా కూర్చుని ముల్లంగి నమలాలి.

"రాళ్ళు పైకి మోసి మళ్ళీ కిందకే తెస్తున్నావు కదా, తెచ్చేటప్పుడైనా నాలుగు కట్టెలు తేరాదూ? పొయ్యికన్నా పనికొస్తాయి" అనేది రెజ్కా.

కానీ మే నెలకల్లా ఆవిడ ఎకసెక్కాలు తగ్గాయి. నా ప్యాంటు జారిపోవడం మొదలైంది. కొత్త బెజ్జం పొడవడానికి బెల్టు పట్టుకుని ఆవిడే సుత్తి వెతికింది. జూన్‌లో పుట్టినరోజునాడు పద్దెనిమిది కిలోల గంపతో చర్చి దారి ఎక్కి, దిగి, కాఫీ తాగడానికి కూర్చుంటే వాచీ తొంభై చూపించింది. నలభయ్యో ఏట కూడా నాకు అంత ఊపిరి లేదు. ఒంటి మీద నాకు ప్రేమ పుట్టింది. ఆ వయసులో ఒంటి మీద ప్రేమ పుట్టడం మంచిది కాదని నాకెవరూ చెప్పలేదు.

ఎందుకంటే కాళ్ళు బాగుపడుతున్న కొద్దీ కళ్ళు పాడవుతున్నాయి.

మొదట కళ్ళద్దాలు మురికి అనుకున్నాను. తుడిచాను. తుపాకీ మీది దూర్బీను మురికి అనుకున్నాను. అదీ తుడిచాను. అప్పుడు తెలిసింది మురికి ఎక్కడుందో. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఊరు కాని ఊరు పోయి చూపించుకున్నాను. డాక్టరమ్మ చిన్న దీపం వేసి చూసి, "రెండు కళ్ళలోనూ శుక్లాలు పండుతున్నాయి, ఎండ ఎదురైతే అసలు కనబడకపోవాలే" అంది. ఆపరేషన్ చిన్నదే, వరుసలో పేరు రాస్తే ఏప్రిల్‌లో పిలుస్తామంది. ఏప్రిల్ అంటే వచ్చే ఏడు. తుపాకీ లైసెన్సు ఉందా అని అడిగింది. లేదన్నాను. ముప్పై ఏడేళ్ళు జనం నన్ను నమ్మి బస్సెక్కారు, ఆ రోజు నా నోట అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో.

లోయ్‌జెని అడిగితే పోతుని వచ్చే ఏటికి మార్చేవాడు. నిక్షేపంగా మార్చేవాడు. కాని అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే తుపాకీ అప్పగించమంటారు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఇస్తారో ఇవ్వరో, డెబ్బై ఒకటికి ఈ కాళ్ళు ఇలాగే ఉంటాయో ఉండవో. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. అసలు సంగతి నాకు సిగ్గేసింది.

జులైలో నెజ్కా రెండు ప్లైవుడ్ బొమ్మలు కోసి తెచ్చింది. ఒకటి పోతు, ఒకటి ఆడది. కొండమేకల్లో రెంటికీ కొమ్ములుంటాయి, అందుకే తంటా. పోతు కొమ్ము మందంగా ఉండి కొస బాగా వెనక్కి తిరుగుతుంది. ఆడదాని కొమ్ము సన్నం, వంపు తక్కువ. అంత దూరంలో, అంత ఆయాసంలో ఆ తేడా పట్టుకోవాలి. పట్టుకోలేక పిల్లతల్లిని కొట్టినవాడి ముఖం మా లోయలో ఎవరూ చూడరు. పాలు తాగే పిల్ల తల్లి లేకుండా చలికాలం దాటదు.

ప్రతి గురువారం ఉత్తరాలు పంచడం అయ్యాక నెజ్కా వాగు అవతల రాళ్ళ వాలు మీద రెండు బొమ్మలనీ చోట్లు మార్చి నాటి వచ్చేది. నేను గంపతో గట్టు ఎక్కి, పడుకుని, దూర్బీనులో చూసి, పది ఊపిర్లలోపల ఏది పోతో చెప్పాలి.

మొదటి గురువారం నాకు రెండు మరకలు కనిపించాయి. "కుడిది" అన్నాను. చీకట్లో వేసిన రాయి తగిలినట్టు సరిపోయింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

ఆ సోమవారం ఆమె బండి లోయ చివరికి వెళ్ళే వేళ చూసి, వాగు దాటి బొమ్మల దగ్గరికి వెళ్ళాను. వానలకి ఆడబొమ్మ ప్లైవుడ్ ఉబ్బి ఒక పక్కకి ఒరిగింది. పోతు నిటారుగా ఉంది. ఒరగడం నాకు కనబడుతుంది. కొమ్ములు కనబడకపోయినా మరక ఒరిగిందా లేదా తెలుస్తుంది. ఆ తర్వాత గురువారాలన్నీ నేను తప్పు చెప్పలేదు. ఒక్కటీ తప్పు చెప్పలేదు. తపాలాతో పాటు నెజ్కా ఆ కబురు కూడా ఇంటింటికీ పంచింది. "మా ఫ్లోరె బాబాయ్‌కి డేగ కళ్ళు" అని. షాపులో జనం నన్ను ఆపి కళ్ళలోకి చూసేవాళ్ళు. నేను చూపు తిప్పుకునేవాణ్ణి.

ఒకసారి చెప్పేద్దామనుకున్నాను. ఆగస్టు చివర, గట్టు మీద కూర్చుని ఆమె తెచ్చిన ఆపిల్ తింటున్నాం.

"నాన్న ఉంటే నిన్ను చూసి కుళ్ళుకునేవాడు" అంది నెజ్కా. "నీకు తెలుసా, నేను తోడు రావడం ఇదే మొదటిసారి. ఇది సవ్యంగా అయిపోతే ఇంక వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"ఎవరి నోళ్ళు?"

"నల్లగింజల వాళ్ళవి."

నా నోట్లో ఆపిల్ ముక్క అలాగే ఉండిపోయింది. చెప్పవలసిన మాట దానితో పాటే మింగేశాను.

అక్టోబరు రెండో వారంలో వెళ్ళాం. తెల్లవారగానే బయల్దేరి, సూర్యుడు ఎదుటి శిఖరం దాటేసరికి పై గుట్టల్లో ఉన్నాం. ఆ ఎక్కుడు గురించి గొప్పగా చెప్పుకోవాలని ఉంది, చెప్పుకునే హక్కు లేదు. ఒక్కసారి ఆగాను, అదీ నెజ్కా బూటు తాడు కట్టుకోవడానికి. వాచీ నూట ఇరవై దాటలేదు.

"ముసలి మేకా, కాస్త మెల్లగా" అని వెనకనుంచి అరిచింది. నాకు ఛాతీ పొంగింది.

శిఖరం కింద బండల మధ్య ఒక సన్నటి గట్టు ఉంది. ఒక్కరు పడుకోవడానికే చోటు. నేను పైకి పాకి తుపాకీ ఆనించుకున్నాను. నెజ్కా నా కాళ్ళ దగ్గర బండకి ఆనుకుని తన చేతి దూర్బీను ఎత్తింది. ఎదురు వాలులో, నూట యాభై మీటర్ల దూరంలో ఒక కొండమేక నిలబడి ఉంది. నల్లటి ముద్దలాగ నాకది బాగానే కనిపించింది. దాని వెనక ఎండ.

"నాకు వెనక భాగమే కనబడుతోంది బాబాయ్, తల బండ చాటున ఉంది" అని గుసగుసగా అంది. "నువ్వు కాస్త జరిగితే నేను పైకి వస్తా."

"కదిలితే రాళ్ళు జారతాయి. అది పారిపోతుంది."

"కొమ్ములు కనబడ్డాయా?"

నా ఊపిరి ఎంత నిమ్మళంగా ఉందంటే, ఏడు నెలల పాటు నేను దేనికోసం రాళ్ళు మోశానో ఆ నిమ్మళం నాకు దొరికింది. తుపాకీ కొండలో భాగంలా కదలకుండా ఉంది. ఒళ్ళంతా సిద్ధంగా ఉంది, ఒక్క కళ్ళు తప్ప. ఇంత ఒంటిని తయారుచేసుకుని వెనక్కి దిగిపోవడం నాకు చేతకాలేదు. అంత పెద్ద ఒంటరి జంతువు మగదే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

"కనబడ్డాయి" అన్నాను.

"మందమా?"

"నా బొటనవేలంత."

"పక్కన ఇంకేమన్నా ఉందా?"

"ఏమీ లేదు."

ఆమె నన్ను నమ్మింది.

"అయితే కొట్టు."

కొట్టాను. ఎక్కడ కొట్టాలో అక్కడే తగిలింది. జంతువు మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయింది. ప్రతిధ్వని ఆగాక ఒక అరుపు వినబడింది. సన్నగా, విడిచి విడిచి. ఆ అరుపు ఏమిటో తెలియని వేటగాడు మా లోయలో లేడు.

నెజ్కా నా మీదుగా పాకి గట్టెక్కింది. చూసింది.

"పిల్ల ఉంది" అంది. "తల్లి పక్కనే నిలబడింది. పోవడం లేదు." తర్వాత, నా వైపు చూడకుండా, "నువ్వే మొదలుపెట్టావు, నువ్వే పూర్తి చెయ్యి. అలా వదిలేసి పోలేం" అంది.

నేను మళ్ళీ చెంప ఆనించాను. దూర్బీనులో రాళ్ళు, రాళ్ళ రంగు, ఎండ. అరుపు వినబడుతూనే ఉంది. ఇటు జరిపాను, అటు జరిపాను.

"ఎక్కడ?" అన్నాను.

"ఎక్కడేమిటి? తల్లి తల దగ్గర."

"ఎక్కడే అమ్మాయ్?"

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. తిట్టలేదు. నా చేతుల్లోంచి తుపాకీ తీసుకుని, నా పక్కన ఉన్న జానెడు చోటులో ఒదిగి పడుకుని, ఆ పని తను చేసింది. అరుపు ఆగిపోయింది.

ఆచారం ప్రకారం చచ్చిన జంతువు నోట్లో పచ్చటి కొమ్మ పెడతాం, చివరి కబళం అంటాం. నెజ్కా పొట్టి దేవదారు కొమ్మలు విరిచి తల్లి నోట్లో ఒకటి పెట్టింది. ఇంకోటి పెట్టడానికి పిల్ల నోరు తెరిచినప్పుడు దాని పెదాల మీద ఇంకా పాలు ఉన్నాయి. నేను టోపీ తీసి నిలబడ్డాను. కొట్టినవాడి టోపీలో గుచ్చడానికి తోడు వచ్చినవాళ్ళు ఇంకో కొమ్మ విరిచి, చెయ్యి కలిపి ఇవ్వాలి. ఆమె నాకు కొమ్మ ఇవ్వలేదు, చెయ్యీ కలపలేదు. పిల్లని భుజాన వేసుకుని దిగడం మొదలుపెట్టింది.

నేను తల్లిని వీపున కట్టుకున్నాను. ఇరవై రెండు కిలోలుంటుంది. నా గంపలో ఆఖరి వారం ఉన్న బరువే. ప్రతి మెట్టూ మూడు లెక్కపెట్టి దిగాను. ఎక్కడా తూలలేదు.

సంఘం గుడిసె ముందు లోయ్‌జెతో పాటు నలుగురైదుగురు పెద్దలు పళ్ళ సారా సీసా పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మా వీపుల మీద ఉన్నవి చూశాక ఎవరూ సీసా తియ్యలేదు. తల్లిని బల్ల మీద పరిచి లోయ్‌జె పొదుగు నొక్కి చూసి, చెయ్యి తుడుచుకున్నాడు.

"కొట్టమన్నది ఎవరు?"

"నేనే" అంది నెజ్కా. "తల కనబడలేదు. చూడకుండా కొట్టమన్నాను. తప్పు నాది."

వెనకనుంచి ఒకాయన "అనుకున్నదే" అన్నాడు, తృప్తిగా.

"ఆమె మూడుసార్లు అడిగింది" అన్నాను నేను. "కొమ్ములు చూశానని చెప్పింది నేను. చూడలేదు. నాకు కనబడవు. కళ్ళలో శుక్లాలు."

లోయ్‌జె నన్ను కాదు, నెజ్కాని చూశాడు. "ఎండాకాలమంతా ఇతన్ని తయారుచేసింది నువ్వే కదమ్మా? ప్రతి గురువారం పరీక్ష పెట్టానన్నావు. కళ్ళు కనబడని మనిషని నీకు తెలియలేదా? తెలిసీ తీసుకెళ్ళావా?"

నా ఒప్పుకోలు నన్ను కాదు, ఆమెనే ముంచుతోంది. శుక్లాలంటే జాలిపడతారు, అది దేవుడిచ్చిన జబ్బు. సగం నిజం చెప్పి పెద్దమనిషిలా నిలబడదామనుకున్నాను. మిగతా సగం కూడా కక్కాల్సి వచ్చింది. బొమ్మల సంగతి చెప్పాను. ఆమె లేని వేళ చూసి వాగు దాటి వెళ్ళడం, ప్లైవుడ్ ఒరగడం గుర్తుపెట్టుకోవడం, వారం వారం ఆ పిల్లని మోసం చెయ్యడం, డాక్టరమ్మకి లైసెన్సు లేదని చెప్పడం, అన్నీ. చెప్తుంటే చిన్నపిల్లలు బళ్ళో కాపీ కొట్టిన కథలా ఉంది, డెబ్బయ్యేళ్ళ మనిషి నోట. ఎవరూ నవ్వలేదు. వెనక ఉన్నాయన తల దించుకున్నాడు. నేను లైసెన్సు కార్డు తీసి బల్ల మీద, ఆ చచ్చిన తల్లి పక్కన పెట్టాను.

"అమ్మాయి మీద ఏమీ రాయం" అన్నాడు లోయ్‌జె. "నువ్వు ఇంటికెళ్ళు ఫ్లోరె."

నెజ్కా అప్పటికే తన బండి దగ్గరికి వెళ్ళి తలుపు తీస్తోంది. వెనకే వెళ్ళాను.

"క్షమించమ్మా" అన్నాను.

"కొమ్ములు కనబడ్డాయా అని అడిగాను" అంది. "లేదు అనాలి. అంతే. ఒక్క మాట. నువ్వు లేదంటే నవ్వుకుంటూ దిగొచ్చేవాళ్ళం బాబాయ్. ఏడు నెలలు నీ కాళ్ళకి, నీ గుండెకి, నీ మోకాళ్ళకి అన్నీ నేర్పాను. ఆ ఒక్క మాట అనడం నేర్పాలని నాకు తోచనే లేదు."

బండి వెళ్ళిపోయింది. మా ఇంటికి అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. నడిచాను. ఎక్కడా ఆగలేదు, ఆయాసం రాలేదు, మోకాళ్ళు నొప్పి పుట్టలేదు. ఎక్కడో ఒకచోట కూలబడితే బాగుండునని ఎంత కోరుకున్నానో, ఆ కాళ్ళు నన్ను తిన్నగా ఇంటిదాకా తీసుకుపోయాయి.